దీర్ఘవ్యాధి గల పిల్లలు – ఇంటిపనులు

“మొక్కై వంగనిది మానై వంగునా” అని మన పెద్దలు అంటారు. పిల్లలకు పనిపాటలు నేర్పే సందర్భంలో ఈ సామెత ప్రతి ఇంటిలోనూ వినిపిస్తుంది. కాని ఆ పిల్లలలో ఒకరికి దీర్ఘవ్యాధి ఉన్నదని తెలిసిన నాటినుండి, ఆ బిడ్డ విషయంలో మాత్రం మనం ఈ సామెతను ప్రక్కకు పెట్టివేస్తాము. “పాపం, ఒంట్లో బాగులేని బిడ్డ, కదిలించకండి” అన్న మాట ఇంటికి శాసనమైపోతుంది.

పది పదిహేను రోజులలో నయమయ్యే జ్వరానికి ఈ శాసనం చక్కగా సరిపోతుంది. కాని ఆస్తమా, చిన్ననాటి మధుమేహం, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి, మూర్ఛవ్యాధి, కీళ్ళవాతపు జ్వరం వలన వచ్చే గుండెజబ్బు మొదలగునవి సంవత్సరాల కొలది ఉండేవి. వీటిలో కొన్ని జీవితాంతమూ వెంట ఉండేవి. ఇటువంటి వ్యాధి గల బిడ్డకు ఇంటిపనులు చెప్పవచ్చునా? చెప్పినచో ఏ పనులు, ఎంత, ఎప్పుడు? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందుగానే మనవి చేస్తున్నాను. బిడ్డ చేయగల పనిని, చేయగల రోజున, ఇంటివారందరికీ ఉపయోగపడే విధంగా అప్పగించుట ఆ బిడ్డకు మనం చేయగల మేళ్ళలో ఒకటి. ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన కలుగలేదు. మా ఇంటిలో జరిగిన ఒక సంఘటన వలన కలిగినది.

మా ఇంటి అనుభవం

సుమారు ముప్పది సంవత్సరాల క్రితం నా తమ్మునికి ఎనిమిదవ ఏట మధుమేహం ఉన్నట్లు బయటపడినది. రోజుకు రెండుమారులు ఇన్సులిన్ సూది తప్పనిసరి అయినది. ఆనాటినుండి మా తల్లిగారు వానిని పువ్వులలో పెట్టి చూచుకొన్నారు. దస్తర్‌ఖాన్ పరచుట, బిందెలు నింపుట, అంగడికి పోయి వచ్చుట అన్నీ నా వంతు. వాడు నీళ్ళు త్రాగిన గ్లాసు కూడ నేనే తీయవలసి ఉండెను. నాకు ఉక్రోషం వచ్చేది. వ్యాధితో ఉన్న తమ్మునిపై ఉక్రోషపడినందుకు ఆ వెంటనే సిగ్గు కలిగేది. ఈ రెండింటిలో దేనినీ ఎవరితోనూ చెప్పుకొనలేకపోయినాను.

వాని పదునాలుగవ ఏట ఒక సాయంత్రం మా తల్లిగారికి తీవ్రమైన జ్వరం రాగా, అబ్బాజాన్ ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోయినారు. నేను కళాశాలనుండి ఇంకా రాలేదు. తమ్ముడు అలవాటు ప్రకారం వేళకు సూది వేసికొన్నాడు. ఆ ఇన్సులిన్ తీసికొన్న అరగంటకు భోజనం చేయవలెను. వంటింటిలో బియ్యం ఉన్నవి, గుడ్లు ఉన్నవి, పాలు ఉన్నవి. కాని స్టవ్ వెలిగించుట వానికి తెలియదు. చక్కెర డబ్బా ఏ అరలో ఉన్నదో కూడ తెలియదు. ఎక్కడ తినివేస్తాడోనన్న భయంతో మా తల్లిగారు దానిని దాచేవారు. ఏమీ తోచక వాడు మా కోసం ఎదురుచూస్తూ గుమ్మంలో కూర్చొన్నాడు.

నేను ఇల్లు చేరేసరికి వాని ఒళ్ళంతా చెమటతో తడిసి ఉన్నది. చేతులు వణకుచున్నవి. మాట తడబడుచున్నది. ఇంకా మ్రింగగల స్థితిలో ఉన్నందున చక్కెర నీళ్ళు త్రాగించినాను. కొంతసేపటికి తేరుకొని, “ఆపా, చక్కెర ఎక్కడ ఉంటుందో నాకు ఎవరూ చెప్పలేదు” అన్నాడు. ఆ మాటలో నింద లేదు. అందువలననే దానిని నేను నేటికీ మరువలేకున్నాను.

జ్వరం తగ్గి ఇంటికి వచ్చిన తరువాత మా తల్లిగారు ఈ సంగతి విని చాలాసేపు మౌనంగా ఉండిపోయినారు. మరునాడు ఉదయం వానిని వంటింటిలోనికి పిలిచి, “బేటా, ఇది బియ్యం డబ్బా, ఇది చక్కెర డబ్బా. ఈ రోజునుండి రాత్రి అన్నానికి బియ్యం కొలిచి కడిగే పని నీది” అన్నారు. ఆనాటినుండి వాని బ్రతుకూ, నా మనస్సూ కూడ తేలికపడినవి.

విశ్రాంతికి గడువు ఉండవలెను

రోగికి పనినుండి మినహాయింపు ఇచ్చుట అన్ని సమాజాలలోనూ ఉన్నదే. అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు టాల్కట్ పార్సన్స్ 1951లో ప్రకటించిన గ్రంథంలో ఈ ఆచారాన్ని విశ్లేషించినాడు. సమాజం రోగిని అతని సాధారణ విధులనుండి తప్పిస్తుందనీ, అందుకు మారుగా అతడు త్వరగా కోలుకొనుటకు యత్నించవలెననీ, వైద్యుని సహాయం పొందవలెననీ ఆయన వివరించినాడు. ఇది ఒక ఒప్పందం వంటిది. కోలుకొనగానే రోగి తిరిగి తన విధులలో చేరుతాడు.

దీర్ఘవ్యాధి విషయంలో ఈ ఒప్పందానికి ముగింపు లేదు. ఎనిమిదవ ఏట ఇచ్చిన మినహాయింపు పద్ధెనిమిదవ ఏట కూడ కొనసాగుతుంది. ఆ పది సంవత్సరాలలో తోటి పిల్లలు అన్నం వండుట, బట్టలు ఉతుకుట, నలుగురితో బేరమాడి సరుకులు తెచ్చుట నేర్చుకొంటారు. ఈ బిడ్డ మాత్రం ఇతరులు చేసి పెట్టినది స్వీకరించుట ఒక్కటే నేర్చుకొంటాడు.

వైద్యశాస్త్రంలో వచ్చిన మార్పును కూడ ఇక్కడ గమనించవలెను. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో 14 ఏండ్ల లెనార్డ్ థామ్సన్ అనే బాలునికి మొదటిసారిగా ఇన్సులిన్ చికిత్స జరిగినది. అంతకు పూర్వం ఇన్సులిన్ ఉత్పత్తి నశించిన బాలలు ఎంతోకాలం జీవించేవారు కారు. ఆ బాలుడు మరి 13 సంవత్సరాలు జీవించినాడు. నేడు సరియైన చికిత్స పొందే పిల్లలు పెరిగి పెద్దవారై ఉద్యోగాలు చేస్తున్నారు, సంసారాలు నడుపుచున్నారు. తలసీమియా గల పిల్లలు కూడ క్రమంగా రక్తం ఎక్కించుకొంటూ, శరీరంలో పేరుకొనే ఇనుమును తొలగించే మందులు వాడుచూ యౌవనాన్ని దాటి జీవించగలుగుచున్నారు. వైద్యుడు ఆయుర్దాయం పెంచినప్పుడు, ఆ ఆయువును స్వతంత్రంగా గడుపుటకు తగిన నేర్పును ఇవ్వవలసినది ఇల్లే కదా!

“కదిలితే వ్యాధి ముదురుతుంది” అన్న భయం కూడ అన్ని వేళలా నిజం కాదు. ఒకప్పుడు క్షయరోగానికి శానిటోరియంలో నెలల తరబడి మంచం పట్టి ఉండుటయే చికిత్సగా భావించేవారు. మదరాసులో 1956లో ప్రారంభమైన పరిశోధనలో కొందరు క్షయరోగులను శానిటోరియంలోనూ, మరికొందరిని వారి ఇండ్లలోనే ఉంచి ఒకే మందులతో చికిత్స చేసినారు. ఇంటివద్ద ఉన్నవారికి ఆహారం తక్కువ, శ్రమ ఎక్కువ. అయినను సంవత్సరం గడచిన తరువాత ఉభయుల ఫలితాలు ఇంచుమించు సమానంగా ఉన్నట్లు 1959లో ప్రకటితమైనది. ఇది అన్ని వ్యాధులకు వర్తించే సూత్రం కాదు. విశ్రాంతి ఎంత అవసరమో పరీక్షించి తెలిసికొనవలెను గాని, భయంతో నిర్ణయించరాదని మాత్రం ఇది బోధిస్తుంది.

మితిమీరిన రక్షణ వలన కలిగే నష్టాన్ని గూర్చి మోరిస్ గ్రీన్, ఆల్బర్ట్ సోల్నిట్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు 1964లో ఒక వ్యాసం వ్రాసినారు. ప్రాణాపాయం తప్పి బ్రతికిన కొందరు బాలల తల్లిదండ్రులు, ఆ బిడ్డ ఎప్పుడైనా దక్కకుండా పోవునేమోనన్న భయంతోనే పెంచుచుండుటను వారు గమనించినారు. అట్టి పిల్లలలో తల్లిని విడిచి ఉండలేకపోవుట, చెప్పినమాట వినకపోవుట, చదువులో వెనుకబడుట వంటి లక్షణాలు వారికి కనిపించినవి. తల్లిదండ్రుల ప్రేమలో లోపం లేదు. ఆ ప్రేమను భయం నడిపించినది.

వ్యాధిపని వేరు, ఇంటిపని వేరు

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం చెప్పవలసి ఉన్నది. వేళకు మందు మ్రింగుట, సూది వేసికొనుట, రక్తంలో చక్కెర పరీక్షించి వ్రాసి ఉంచుట, ఇన్‌హేలర్ శుభ్రపరచుట మొదలగునవి బిడ్డ తన వ్యాధి కోసం చేసే పనులు. వయస్సు పెరిగినకొలది ఇవి కూడ నేర్పవలసినవే. కాని వీటిని ఇంటిపనుల లెక్కలో చేర్చరాదు. ఇవి ఎన్ని చేసినా ఆ బిడ్డ ఆలోచన తన దేహం చుట్టూనే తిరుగుతుంది.

ఇంటిపని అనగా ఇంకొకరు దానిపై ఆధారపడే పని. బిడ్డ దస్తర్‌ఖాన్ పరచినగాని ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చొనరు. బిడ్డ పాలలెక్క వ్రాసినగాని నెలాఖరున పాలవానికి డబ్బు ముట్టదు. ఉగాదినాడు ఆ బిడ్డ వేపపూవు ఏరి ఇచ్చినగాని పచ్చడి తయారు కాదు. వైద్యుడు వలదన్నందున రంజాన్ ఉపవాసం ఉండలేని బాలుడు ఇఫ్తార్ వేళకు ఖర్జూరాలు సర్ది, గ్లాసులలో షర్బత్ పోసినప్పుడు, ఆ సాయంత్రంలో అతనికీ ఒక పాలు లభిస్తుంది. “నేను లేకున్న ఈ పని ఆగిపోతుంది” అన్న భావం ఏ మందుల అంగడిలోనూ దొరకదు.

ఏ వ్యాధికి ఏ పని?

పని ఎంచుకొనుటకు ముందు వైద్యుని, “ఈ బిడ్డ ఏ పనులు చేయరాదు?” అని అడిగి వ్రాసికొనవలెను. సాధారణంగా గమనించదగిన విషయాలు కొన్ని ఇక్కడ చెప్పుచున్నాను.

ఆస్తమా గల పిల్లలకు దుమ్ము, పొగ, ఘాటు శత్రువులు. బూజు దులుపుట, పరుపులు దులుపుట, పొడిచీపురుతో ఊడ్చుట, మిరపకాయలు దంచుట వారికి అప్పగించరాదు. పరుపులలోను, దిండ్లలోను ఉండే కంటికి కనిపించని పురుగులు అనేకులలో ఆయాసాన్ని రేపుతాయి. తడిగుడ్డతో అలమరలు తుడుచుట, ఉతికిన బట్టలు మడచుట, కూరగాయలు కడుగుట, గిన్నెలు సర్దుట వారు చేయవచ్చును.

మధుమేహం గల పిల్లలకు దాదాపు అన్ని పనులూ చెప్పవచ్చును. అయితే శ్రమ వలన రక్తంలో చక్కెర తగ్గుతుంది. అందుచేత నీళ్ళు మోయుట, తోటపని వంటి శ్రమగల పనులు ఖాళీ కడుపుతో గాక, ఏదైనా తిన్న తరువాత చేయించవలెను. చెమట, వణకు, విపరీతమైన ఆకలి, చిరాకు, తడబాటు కనిపించిన వెంటనే పని ఆపించవలెను. వీలైనచో చక్కెర పరీక్షించవలెను. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు తగ్గినచో, పెద్దపిల్లలకు సుమారు 15 గ్రాముల చక్కెర, అనగా మూడు చెంచాలు, నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిముషాల తరువాత తిరిగి పరీక్షించవలెను. స్పృహ తప్పిన బిడ్డ నోటిలో ఏదియు పోయరాదు. వెంటనే వైద్యసహాయం పొందవలెను. ఇంటిలో చక్కెర ఎక్కడ ఉన్నదో ఆ బిడ్డకు తప్పక తెలిసి ఉండవలెను.

తలసీమియా గల పిల్లలకు రెండునుండి అయిదు వారాలకొకమారు రక్తం ఎక్కించవలసి ఉంటుంది. రక్తం ఎక్కిన తరువాతి రోజులలో ఉత్సాహంగా ఉంటారు. మరల ఎక్కించవలసిన తేదీ దగ్గరపడేకొలది నీరసిస్తారు. కనుక వీరి పనులను క్యాలెండరు చూచి నిర్ణయించవలెను. మొదటి వారాలలో మొక్కలకు నీళ్ళు పోయుట, అంగడికి పోవుట. చివరి రోజులలో కూర్చొని చేసే పనులు. ప్లీహం పెరిగినచో, అనగా కడుపులో బల్ల ఉన్నచో, కడుపుకు దెబ్బ తగిలే పనులు, బరువులు మోసే పనులు వలదు.

సికిల్ సెల్ వ్యాధిలో చలి, శరీరంలో నీరు తగ్గుట, అలసట నొప్పులను రేపుతాయి. తెల్లవారుజామున చన్నీళ్ళతో అంట్లు తోముట, ఎండలో పనిచేయుట వారికి తగవు. నీడపట్టున, మధ్య మధ్య నీళ్ళు త్రాగుచూ చేసే పనులు మేలు. మూర్ఛలు అదుపులో లేని పిల్లలను పొయ్యి, బావి, చెరువు, నిచ్చెన, కత్తిపీటలకు దూరంగా ఉంచవలెను. బియ్యంలో రాళ్ళు ఏరుట, చిక్కుడుకాయలు ఒలుచుట, పుస్తకాలు సర్దుట వారికి అనుకూలం. గుండెజబ్బు గల పిల్లలకు ఆయాసమే కొలబద్ద. పనిచేయుచు మామూలుగా మాటలాడలేకపోయినచో ఆ పని వారికి మించినదని తెలిసికొనవలెను.

వయస్సును బట్టి, రోజును బట్టి

నాలుగైదు ఏండ్ల బిడ్డ చేతిరుమాళ్ళు మడచుట, చెప్పులు వరుసగా పెట్టుట చేయగలదు. ఆరునుండి ఎనిమిదేండ్లవారు గ్లాసులు నింపుట, వెల్లుల్లి రేకులు ఒలుచుట నేర్వగలరు. తొమ్మిది పది ఏండ్లకు బట్టలు మడచుట, సరుకుల జాబితా వ్రాయుట; పన్నెండు దాటిన తరువాత, వ్యాధి అనుమతించినచో, బియ్యం కొలిచి అన్నం వండుట, ఇంటి ఖర్చు లెక్క చూచుట అప్పగించవచ్చును. అబ్బాయి అయినను, అమ్మాయి అయినను ఇవన్నీ సమానమే. వ్యాధి ఉన్న అబ్బాయిని కూర్చుండబెట్టి, వ్యాధి ఉన్న అమ్మాయిచేత అంట్లు తోమించే ఇండ్లు కూడ ఉన్నవి. అది ఉభయులకూ అన్యాయమే.

దీర్ఘవ్యాధి ప్రతిదినమూ ఒకే తీరుగా ఉండదు. అందుచేత ప్రతి బిడ్డకూ రెండు పనులు నిర్ణయించుట మంచిది: ఒకటి మంచిరోజు పని, రెండవది నీరసపు రోజు పని. మంచిరోజున మొక్కలకు నీళ్ళు పోసే బిడ్డ, నీరసపు రోజున పడకపై కూర్చొని పాలలెక్క వ్రాయవచ్చును. జ్వరం, నొప్పి, ఆయాసం ఉన్ననాడు ఏ పనీ లేదు. అందుపై వాదన కూడ ఉండరాదు. “చేతకాదు” అన్న బిడ్డను ముందు నమ్మవలెను. ఒకటి రెండుమారులు మనం మోసపోయినా పెద్ద నష్టం లేదు. నిజమైన నొప్పిని నటన అని ఒక్కమారు అన్నచో, ఆ బిడ్డ తరువాత నొప్పిని దాచుకొనుట నేర్చుకొంటుంది. అది ప్రమాదకరం.

అయితే చేతకాని రోజున బిడ్డ తన పనిని తానే ఇంకొకరికి అప్పగించవలెను. “అక్కా, ఈ రోజు నాకు ఓపిక లేదు, మొక్కలకు నీళ్ళు నీవు పోయి” అని నోటితో చెప్పవలెను. అప్పుడు పని చేతులు మారినా బాధ్యత ఆ బిడ్డదే అయి ఉంటుంది. సహాయం అడుగుటలో సిగ్గు లేదని కూడ ఇందువలన తెలుస్తుంది. పని చేసి పెట్టిన అక్కకూ, అన్నకూ తాము అడుగబడినామన్న తృప్తి ఉంటుంది. అడుగకుండానే అన్నీ మోసిన తోబుట్టువు మనస్సు ఎట్లుండునో నాకు అనుభవమే.

కొన్ని హెచ్చరికలు

ఇంటిపని చదువుకు అడ్డు రాకూడదు. దానిని శిక్షగా విధించరాదు. “నీ మందులకే ఇంత ఖర్చు, ఈ మాత్రం పని చేయలేవా?” అన్న మాట ఏ కోపంలోనూ నోట రానీయరాదు. పని అంటే ఇంటికి తన ఋణం తీర్చుట అని బిడ్డ భావించినచో, మనం ఉద్దేశించిన మేలంతయు కీడుగా మారుతుంది. బిడ్డ చేసిన పని వంకరగా ఉన్నచో, వెనుకనుండి మరల చేయుట కూడ తగదు. చెల్లెలు మడచిన దుప్పటిని ఆమె కళ్ళముందే విప్పి తిరిగి మడచినచో, “నీవు చేసినది లెక్కలోనిది కాదు” అని చెప్పినట్లే.

మా తమ్ముడు మొదటి దినం కొలిచిన బియ్యం నలుగురికి చాలలేదు. మా తల్లిగారు ఏమీ అనక తన పాలు తగ్గించుకొని తిన్నారు. మరునాడు వాడే పిడికెడు ఎక్కువ పోసినాడు. నేడు వాడు ఉద్యోగరీత్యా వేరొక పట్టణంలో ఉంటూ, తన సూది తానే వేసికొంటూ, తన అన్నం తానే వండుకొంటున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రాత్రి భోజనానికి బియ్యం కొలిచేది ఇప్పటికీ వాడే. ఆ డబ్బాను మేమెవ్వరమూ ముట్టుకొనము. చక్కెర డబ్బా మాత్రం ఆనాటినుండి మా వంటింటిలో అందరికీ కనిపించే అరలోనే ఉన్నది.